అసిరమ్మ ఫిల్ములో మచ్చ

గౌరీశ్వరి సీతమ్మధారలో మా ఎదురింటి వెనుక భాగంలో అద్దెకుండేది. తగరపువలసకు అవతల ఒక రైతు ఇంట పుట్టి, బి.యస్సీ. చదివి, బొంబాయిలో శిక్షణ పొంది వచ్చి, మా ఊళ్లో ఒక పెద్ద ఆసుపత్రిలో గామా కెమెరా నడిపే ఉద్యోగంలో చేరింది. 1986లో జరిగిన ఈ సంగతిని ఆమె నాకు ఒక్క విడతలో చెప్పలేదు. ఆదివారాలు మా అరుగు మీద కూర్చున్నప్పుడు, వేరే మాటల నడుమ, ముక్కలుగా చెప్పింది. వాటిని వరుసన కూర్చడమే నేను చేసిన పని.

ఆ యంత్రం గురించి ఒక మాట చెప్పక ముందుకు సాగలేను. ఎక్స్-రేలో కిరణాలను యంత్రం పంపుతుంది. అవి రోగి శరీరం గుండా సాగి అవతలి ఫిల్ము మీద పడతాయి. తెలుగు పాఠాలు చెప్పే మాబోటివాళ్ల వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే యంత్రం కర్త, రోగి కర్మ. గామా కెమెరా దగ్గర ఇది తలకిందులు. రోగికి ముందుగా రేడియోధార్మిక గుణమున్న మందు కొద్దిగా ఇస్తారు. అది తనకు తగిన అవయవాన్ని వెతుక్కొని చేరి, అక్కడినుంచి కిరణాలను వెలువరిస్తుంది. తేనెపట్టులాగా సన్నని రంధ్రాలున్న సీసపు పలక తిన్నగా వచ్చిన కిరణాలనే లోపలికి రానిస్తుంది. దాని వెనుకనున్న స్ఫటికం మీద ఒక్కొక్క కిరణం తగిలినప్పుడల్లా ఒక మిణుకు పుడుతుంది. మిణుకులు చుక్కలవుతాయి, చుక్కలు కూడి ఫిల్ము మీద బొమ్మ అవుతుంది. ఇక్కడ దీపం రోగే. కెమెరా వట్టి చూపరి. వెలుగు ఎటునుంచి వచ్చిందో అది చెప్పగలదు. ఒంటి లోపలినుంచి వచ్చిందా, ఒంటి పైనుంచి వచ్చిందా అంటే చెప్పలేదు.

అందుకే అక్కడ ఒక నియమం ఉండేది. తాగిన మందు లాలాజలంలోనూ చెమటలోనూ మూత్రంలోనూ కొంత బయటికి వస్తుంది గనుక, పరీక్షకు వచ్చినవారు స్నానం చేసి, సొంత బట్టలు విడిచి, ఆసుపత్రి గౌను వేసుకోవాలి. వెనుక బొందులు కట్టే గౌను అది. పల్లెటూరి ఆడవాళ్లకు దాన్ని చూస్తేనే ప్రాణం పోయేది. గౌరీశ్వరి తల్లి ఒకప్పుడు అటువంటి గౌనుతో వరండాలో నలుగురి ముందు నిలబడవలసి వచ్చి, ఆ తరవాత ఎంత జబ్బు చేసినా ఆసుపత్రి గడప తొక్కలేదట. ఆ జ్ఞాపకం వల్ల గౌరీశ్వరి, తమ వైపు ఆడవాళ్లు వస్తే, నియమాన్ని కాస్త సడలించి, కట్టుకున్న చీరతోనే పడుకోబెట్టేది. దయ అనుకొనే చేసింది.

అసిరమ్మ కూడా ఆ వైపు మనిషే. గొంతులోని థైరాయిడ్ గ్రంథికి క్యాన్సర్ సోకితే అంతకు ముందు ఏడాది ఆపరేషన్ చేసి తీసివేశారు. జబ్బు ఇంకెక్కడైనా మిగిలిందేమో చూడడానికి అయొడిన్ మందు తాగించి, రెండు రోజుల తరవాత రమ్మన్నారు. ఈలోగా ఆమె గోపాలపట్నంలో కొడుకు జగ్గారావు గదిలో ఉన్నది. అతడు ఉక్కు కర్మాగారం కట్టడపు పనుల్లో కూలి.

"ఏటే గుంటా, ఇది?" అంది అసిరమ్మ, గౌను ఎత్తి చూపిస్తూ. "ఎనకాల బొందులేటి? ఈపు ఊరందరికీ సూపించాలేటి?"

"రూలు, పిన్నీ."

"ఆ రూలు ఎట్టినోడి పెళ్లానికి తొడగమను ముందు."

గౌరీశ్వరి నవ్వింది. "తానం సేసినావా?"

"సేసినాను. సీర మాత్రం ఇదే. పట్నానికి కట్టీది నాకు ఇదొక్కటే కదా."

ఆ చీరతోనే ఆమె బల్ల మీద పడుకున్నది. కొంగు లాగి ఎద మీద కప్పుకున్నది. ముందువైపు ఒక ఫిల్మూ, వీపువైపు ఒకటీ తీసేసరికి "నడుం ఇరిగిపోతంది తల్లీ" అని లేచి కూర్చున్నది. పక్కనుంచి తీయవలసిన మూడో ఫిల్మును గౌరీశ్వరి వదిలేసింది.

ముందువైపు ఫిల్ములో, ఎడమ రొమ్ముకు పైన, చిన్న గట్టి మచ్చ కనిపించింది. వీపువైపు ఫిల్ములో అది ఉండీలేనట్టు ఉన్నది. డాక్టర్ శ్రీరామ్మూర్తిగారు రెంటినీ దీపపు పెట్టె మీద పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. ముందు గాఢంగా, వెనుక పలుచగా ఉన్నదంటే మందు ఎదవైపుకు దగ్గరగా చేరిందని లెక్క, పక్కటెముక కావచ్చు.

"గౌను వేయించావు కదా?" అని ఆయన అడిగారు.

"వేయించాను సార్" అంది గౌరీశ్వరి. అడిగిన ప్రతిసారీ అలాగే చెప్పి చెప్పి, ఆ మాట ఆలోచనకంటే ముందే నోట్లోనుంచి వచ్చేసింది.

జబ్బు ఎముకకు పాకిందనీ, మద్రాసు పంపి పెద్ద మోతాదులో మందు తాగించి, ఎవరినీ దగ్గరికి రానివ్వని గదిలో ఉంచవలసి ఉంటుందనీ డాక్టరుగారు జగ్గారావుకు చెప్పారు. అసిరమ్మ పక్కనే నిలబడి విన్నది. "అయితే నాను పోతానన్నమాట" అని మాత్రం అన్నది.

ఆ మధ్యాహ్నం గౌరీశ్వరి కిటికీ దగ్గర నిలబడి ఉండగా, కింద వేపచెట్టు నీడలో కూర్చున్న అసిరమ్మ కనిపించింది. మా ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు; చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకొని పీలుస్తారు. చూడనివారు నమ్మరు గాని, మా నాయనమ్మ అలా కాలుస్తూనే మాచేత ఎక్కాలు అప్పజెప్పించుకొనేది. ఆ చుట్టకు నోరు ఊరకుండా ఉండదు. అసిరమ్మ ఉమ్మి, కొంగు కొసతో నోరు తుడుచుకొని, ఆ కొసను ముందుకు లాగి ఎద మీద వేసుకున్నది. ఎడమవైపు, రొమ్ముకు పైన.

గౌరీశ్వరికి ఫిల్ములోని మచ్చ గుర్తొచ్చింది. లాలాజలంలో మందు ఉంటుంది. రెండు రోజులుగా అదే నోరు, అదే కొంగు.

పిలిస్తే వినిపించేంత దూరమే. కాని పిలిస్తే గౌను మాట బయటపడుతుంది. చెప్పిన అబద్ధం బయటపడుతుంది. ఉద్యోగం ఖాయమయ్యే ఉత్తర్వు ఆ నెలలోనే రావలసి ఉంది. జగ్గారావు తల్లి చెయ్యి పట్టుకొని లేవదీశాడు. ఇద్దరూ తమ ఊరి బస్సు వైపు నడిచారు. గౌరీశ్వరి కిటికీ ఊచ పట్టుకొని, వారు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

మరునాడు ఉదయం డాక్టరుగారు వచ్చీరాగానే ఆయన గదిలోకి వెళ్లి అంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అడిగినప్పుడు అబద్ధం చెప్పావు. దాని సంగతి తరవాత. ముందు వెళ్లి ఆమెను తీసుకురా. ఆ చీర ఉతకనివ్వకు."

గౌరీశ్వరి బస్సెక్కి అసిరమ్మ ఊరు చేరేసరికి ఆమె వాకిలి నిండా జనం. తల్లిని దిగబెట్టడానికి వచ్చిన జగ్గారావు స్తంభానికి ఆనుకొని ఉన్నాడు. అందరూ చావింటికి వచ్చినట్టు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. మనవరాలు అసిరమ్మ కాళ్లు వాటేసుకొని వదలడం లేదు. అసిరమ్మ ముక్కున నత్తు లేదు. రాత్రే తీసి కోడలికి ఇచ్చేసిందట. బోసిపోయిన ఆ ముక్కును చూడగానే గౌరీశ్వరికి దారిపొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ మిగలలేదు.

"పిన్నీ, మళ్లీ ఒక్కపాలి రావాల. తప్పు నాది. ఆ మచ్చ నీ ఒంట్లోది కాదేమో. సీరది."

"సీరకి రోగమేటే?" అన్నది అసిరమ్మ.

అయినా ఆ రోజే బయలుదేరి వచ్చింది. ఈసారి గౌను వేసుకోమంటే మారు మాట లేకుండా వేసుకున్నది. ముందుగా ఖాళీ బల్ల మీద చీరను పరిచి కెమెరాను దానిమీదికి దించారు. మనిషి లేని బల్ల మీద, చుక్క వెంట చుక్క చేరుతూ, కొంగు కొస ఉన్నచోట అదే మచ్చ మెల్లగా పైకి తేలింది. తరవాత అసిరమ్మను పడుకోబెట్టి ముందునుంచి, వెనుకనుంచి, పక్కనుంచి తీశారు. ఎదలో ఏమీ లేదు.

డాక్టరుగారు చెప్పింది విని జగ్గారావు గోడకు ఆనుకొని కూలబడి, నవ్వుతూ ఏడ్చాడు. "అమ్మా, అయితే నీ సుట్టకే వచ్చినాదే కేన్సరు!"

"నోరు ముయ్, సచ్చినోడా!" అన్నది తల్లి, కాని ఆమె మొహం విప్పారింది. డాక్టరుగారు ఆమె వైపు తిరిగి, "ఈ అమ్మాయి తానుగా వచ్చి చెప్పబట్టి బతికాం, లేకపోతే నీకు అనవసరపు మందు తాగించేవాళ్లం" అన్నారు. ఆ మెచ్చుకోలు వింటూ గౌరీశ్వరి తల ఎత్తలేకపోయింది.

ఇద్దరే మిగిలాక, వీపు మీది బొందులు విప్పించుకుంటూ అసిరమ్మ అడిగింది.

"గుంటా, నీకెప్పుడు తెలిసినాదే?"

ఈ ఉదయమే అనవచ్చు. అడిగేవారు లేరు. గౌరీశ్వరి వేళ్లు బొందు ముడి మీద ఆగిపోయాయి.

"నిన్న మద్దేనం, పిన్నీ. నువ్వు సెట్టు కింద కూకున్నప్పుడు."

అసిరమ్మ వెనక్కి తిరిగింది. "అంటే నాను బస్సెక్కీసరికి నీకు తెలుసు" అన్నది. ప్రశ్న కాదది. గౌరీశ్వరి తల ఊపింది.

"మా మనవరాలు రాత్రల్లా నా కాళ్లు ఒగ్గలేదే" అన్నది అసిరమ్మ. తరవాత, ఊరినుంచి తెచ్చుకున్న పాత చీర తానే చుట్టుకొని, గౌరీశ్వరి సాయానికి చాచిన చేతిని పట్టుకోకుండా, గోడ ఆసరాతో మెట్లు దిగి వెళ్లిపోయింది.