గాలి కోసం కోసిన చిల్లులు

చలికాలంలో కిటికీ తెరుచుకుని పడుకునే మనిషిని ఎక్కడైనా పిచ్చిదనే అంటారు. థెబెక్ కొండల్లో అయితే ఆ మాట కూడా చాలదు. అక్కడ బయట ఆరేసిన తువ్వాలు కాసేపటికే అట్టముక్కలా బిగుసుకుపోతుంది. అలాంటి చోట మల్సున్ రోజూ బొగ్గు మండించి నేల వెచ్చబెట్టుకుని, తలాపున కిటికీ మాత్రం జానెడు తెరిచి పడుకునేది. "సమ్‌చోక్ ఆవిడ ఆకాశానికి చలిమంట వేస్తోంది" అని గని కాలనీలో నవ్వుకునేవారు. సమ్‌చోక్ ఆమె పుట్టిల్లున్న సముద్రపు ఊరు. ఒకప్పుడు ఆమెను కూతురి పేరుతో ఓక్‌హీ అమ్మ అనేవారు. ఓక్‌హీ పోయాక ఆ పిలుపు ఎవరికీ నోట రాలేదు. పుట్టింటి ఊరి పేరే ఆమె పేరైంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మల్సున్ నోరు ఏమంత మంచిది కాదు. వయసంతా గని దగ్గర బొగ్గులోంచి రాళ్ళు ఏరే పనిలో గడిచింది. ఆ యంత్రాల రొదలో అరిస్తేగాని పక్కమనిషికి వినబడదు. ఆ అరుపే అలవాటైపోయింది. మొగుడు గని దుమ్ము ఊపిరితిత్తుల్లో నింపుకుని పోయాడు. ఆ తర్వాత గనీ మూతబడింది. కాలనీలో జనం ఒక్కొక్కరే పట్నాల దారి పట్టారు. పోయేవాళ్ళు టీవీలు, ఊరగాయ జాడీలు, ఆఖరికి తలుపుల గొళ్ళేలు కూడా ఊడదీసుకుపోయారు. పిల్లుల్ని మాత్రం వదిలేశారు.

ఆ పిల్లులన్నీ మల్సున్ గోడ దగ్గర చేరాయి. ఆమె ఎండుచేపల తలకాయలు ఉడకబెట్టి, చల్లార్చి పెట్టేది.

"పిల్లుల్ని పెంచుతున్నావా వదినా?" అనేవాడు పక్కింటి దోక్‌బే. అతను ఆమె మొగుడి చేతికింద గనిలో పనిచేసిన మనిషి. ఇప్పుడు ఆ వరసలో పొయ్యి వెలుగుతున్నవి వీళ్ళిద్దరి ఇళ్ళే.

"పెంచడానికి అవేమన్నా నీలా చేతగానివా? తిని వాటి దారిన అవి పోతాయి" అనేది మల్సున్.

ఆ ఏడు ఒక బూడిదరంగు చారల పిల్లి కాలం కాని కాలంలో ఈనింది. ఆకులు రాలిపోయాక, మొదటి మంచు పడేముందు, మల్సున్ చెక్క అరుగు కింద మూడు పిల్లల్ని పెట్టింది. వేసంగిలో పుట్టిన పిల్లలకే ఆ కొండ చలి ప్రాణగండం. ఇక వీటి సంగతి చెప్పేదేముంది. అరుగు కిందకి ఈడ్చి కొట్టే గాలిని చూసి మల్సున్‌కి తిండి సయించలేదు. ఈ మూడింటినీ చలి దాటించాలని మనసులో పట్టుబట్టింది. పైకి మాత్రం ఎవరితోనూ అనలేదు.

వెచ్చగా ఉండే చోటు లేకపోలేదు. ఇంటి వెనక బాయిలర్ కొట్టం ఉంది. చిల్లుల బొగ్గు దిమ్మలు అందులోనే మండుతాయి. అక్కడ కాగిన నీళ్ళు గొట్టాల్లోంచి గది నేల కిందికి పోతాయి. కాలనీలో ఏ పిల్లికైనా ఆ కొట్టమే స్వర్గం. కానీ ఒక్క పిల్లి తోక అటు కదిలినా మల్సున్ చీపురు పట్టుకుని లేచేది. గాలి ఎదురు కొట్టినప్పుడు పొగగొట్టంలోంచి విషపు గ్యాసు వెనక్కి తన్నుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ఆ సంగతి ఆమెకి తెలిసినట్టు ఆ కొండ మీద ఇంకెవరికీ తెలియదు.

కొండ దిగువన కొట్టు నడిపే మిరాన్ చేపలొచ్చే థర్మాకోల్ పెట్టె ఒకటి మోసుకొచ్చింది. ఆ పిల్లకి పిల్లులంటే ప్రాణం. పెట్టెకి పక్కగా చిన్న గుమ్మం కోసి, మూత చుట్టూ టేపు వేసి, లోపల వరిగడ్డి కూరి తెచ్చింది.

"మామ్మా, ఇందులో దుప్పట్లూ గుడ్డలూ పెట్టకు. వాటి ఊపిరికి తడిసి, ఆ తడి గడ్డకడుతుంది. గడ్డి అయితే పొడిగా ఉంటుంది. ఇటుకల మీద పెట్టి, గుమ్మం గోడవైపు తిప్పు. పెట్టె ఇరుకని బెంగపడకు. ఇరుగ్గా ఉంటేనే వాటి ఒంటి వేడి వాటికి సరిపోతుంది."

"నాకు చెప్పొచ్చావుటే? నువ్వు పుట్టకముందు నుంచీ ఈ చలిలో ఉన్నాను" అంది మల్సున్. అన్నదేగాని అరుగు పక్కన గోడవారగా, చెప్పినట్టే పెట్టింది. తల్లిపిల్లి అటూ ఇటూ వాసన చూసి, పిల్లల్ని ఒక్కొక్కటిగా కరుచుకుని లోపలికి చేరింది.

మిరాన్ వెనుదిరిగిందో లేదో మల్సున్‌కి ఆ మూత చుట్టూ ఉన్న టేపు మీద చూపు పడింది. నాలుగువైపులా బిగించి ఉంది. లోపల్నుంచి కూరగాయల కత్తి తెచ్చి గుమ్మానికి ఎదురువైపు ఒక చిల్లు కోసింది. మర్నాడు మూతలో ఒకటి. ఆ తర్వాత ఇంకో పక్కన ఇంకోటి.

దోక్‌బే గోడ మీంచి చూసి "ఇది పిల్లుల ఇల్లా, బియ్యం కడిగే చిల్లుల గిన్నా వదినా?" అన్నాడు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు? పిల్లులేమన్నా నీకు మొరపెట్టుకున్నాయా?"

మిరాన్ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. టేపు తీసి చిల్లులన్నీ మూసింది. ఆమె అటు వెళ్ళగానే మల్సున్ మళ్ళీ పీకేసింది. రెండోసారీ ఇదే తంతు జరిగేసరికి ఆ పిల్లకి కోపం వచ్చింది.

"మామ్మా, ఆ పెట్టెలో పొయ్యి లేదు, బొగ్గు లేదు. గ్యాసు ఎక్కడినుంచి వస్తుంది? వేడంతా నువ్వే బయటికి పోగొడుతున్నావు."

"ఊపిరాడొద్దూ వాటికి?"

"గుమ్మం ఉందిగా."

నా గుమ్మం తొక్కొద్దు పొమ్మని మల్సున్ అరిచి పంపేసింది.

ఆ పిల్లకి తెలియనిది దోక్‌బేకి తెలుసు. వాళ్ళందరూ వయసులో ఉన్న రోజుల మాట. అప్పట్లో నీళ్ళ గొట్టాలు లేవు. మండే బొగ్గు వేడి తిన్నగా నేల రాళ్ళ కిందే పోయేది. నేల ఎక్కడన్నా పగిలితే గ్యాసు గదిలోకి వచ్చేది. ఓక్‌హీకి దగ్గు పట్టుకుంది. కిటికీ కాగితం చిరిగి చల్లగాలి కొడుతోందని మల్సున్ పిండి జిగురు ఉడకబెట్టి, పాత పత్రికలు సందు లేకుండా అంటించింది. మొగుడు రాత్రి పనిలో ఉన్నాడు. తెల్లారి మల్సున్ వాంతి చేసుకుంటూ పాక్కుంటూ తలుపు దాకా వచ్చింది. ఓక్‌హీ రాలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పిల్లని మంచు మీద పడుకోబెట్టి, నోట్లో ఊరబెట్టిన ముల్లంగి పుల్లనీళ్ళు పోశారు. గ్యాసు పట్టినవాళ్ళకి అక్కడ అదే మందు. మల్సున్ పేరు పెట్టి ఎంత పిలిచినా ఆ నీళ్ళు పెదవుల పక్కనుంచి కారిపోయాయి.

పెద్ద చలి చెప్పాపెట్టకుండా వచ్చిపడింది. వీధి కుళాయి గడ్డకట్టింది. కాలు జారకుండా దారిలో చల్లిన బొగ్గు బూడిద కూడా రాయిలా బిగిసింది. తెల్లవారి మల్సున్ చేపల గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి పెట్టె లోపల, గుమ్మం దగ్గర ఒక పిల్ల పడి ఉంది. పైనున్న చిల్లులోంచి పడ్డ మంచు దాని వీపు మీద పేరుకుంది. చేతిలోకి తీసుకుంటే కర్రముక్కలా ఉంది. మిగతా రెండూ తల్లి పొట్ట కింద వణుకుతున్నాయి.

మల్సున్ దాన్ని అరుగు మీద పడుకోబెట్టింది. లోపలికెళ్ళి టేపు తెచ్చింది. గడ్డకట్టిన వేళ్ళతో మూడు చిల్లులూ మూసింది, ఒకదాని మీద ఒకటి టేపు వేస్తూ పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఆమెకే తెలుసు. తల్లిపిల్లి ఆ టేపు చప్పుడంతా విని, పిల్ల చచ్చిన చోట ఉండనన్నట్టు సాయంత్రానికి మిగతా రెండింటినీ కరుచుకుని మాయమైంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఆ కాలనీలో ఏడు కాదు, డెబ్బై ఖాళీ ఇళ్ళున్నాయి. మల్సున్ చీకటి పడేదాకా వాటన్నిటి ముందూ నిలబడి పిలిచింది.

మర్నాడు పొద్దున బొగ్గు దిమ్మ మార్చడానికి కొట్టం తలుపు తీసింది. కింద చెక్క పుచ్చి సందు పడి ఉంది. బాయిలర్ వెనక, వెచ్చని ఇనుము పక్కన, తల్లిపిల్లి వెల్లకిలా పడుకుని ఉంది. ఎండలో పడుకున్నట్టే ఉంది గాని ఊపిరి లేదు. ఒక పిల్ల పొదుగు దగ్గర నోరు తెరిచి చచ్చిపోయింది. రెండోది ఆ పుచ్చు సందు దగ్గర, మూతి బయటికి పెట్టుకుని పడి ఉంది. దాని పొట్ట మాత్రం ఎగిరెగిరి పడుతోంది.

ఆమె పెట్టిన కేకకి దోక్‌బే గోడ దూకి వచ్చాడు. అతను వచ్చేసరికి మల్సున్ ఆ పిల్లని అరచేతిలో పట్టుకుని గాలిలో నిలబడి వీపు రాస్తోంది.

"ముల్లంగి నీళ్ళు తే. జాడీ అరుగు కింద ఉంది."

"పిల్లికా వదినా?"

"తెమ్మన్నానా."

చెంచాతో చుక్క చుక్క పోసింది. మొదటి చుక్కలు కారిపోయాయి. ఆమె మళ్ళీ పోసింది. పిల్ల గొంతు కదిలింది.

"నా చిల్లుల పెట్టెలో చలికి తాళలేకే అది ఇక్కడికొచ్చింది" అంది మల్సున్, కొట్టంలోకి చూడకుండా. "అప్పుడు మూసి ఒకదాన్ని చంపాను దోక్‌బే. ఇప్పుడు తెరిచి వీటిని చంపాను."

దోక్‌బే ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి. ఇప్పుడు ముల్లంగి జాడీ ఎత్తి ఆమె చెంచాలో ఇంకాస్త వంచాడు.

ఊపిరి కుదుటపడ్డాక పిల్లని గదిలోకి తెచ్చారు. నేల వెచ్చగానే ఉంది. కిటికీలోంచి వచ్చే గాలి మాత్రం కోసేస్తోంది. పిల్ల వణుకు ఆగలేదు.

"ఆ కిటికీ మూస్తేగాని ఇది బతకదు" అన్నాడు దోక్‌బే. "ఇప్పుడు నేల కింద నీళ్ళ గొట్టాలే. ఈ గదిలోకి గ్యాసు రాదు. నీకు తెలియదా వదినా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"గొట్టాలు వేసిన రోజు నుంచీ."

"తెలిసి ఇన్నేళ్ళు ఈ చలిలో ఎందుకు పడుకున్నావు?"

"దాన్ని పోగొట్టుకుని నేను వెచ్చగా పడుకోవాలా?" అంది మల్సున్.

దోక్‌బే తల దించుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆకాశానికి చలిమంట అని నవ్విన నోళ్ళలో అతని నోరూ ఒకటి.

మల్సున్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. రెక్క మంచుకి బిగుసుకుపోయి కదల్లేదు. భుజం పెట్టి నెట్టింది. ఆఖరికి మూసుకుంది. మూశాక ఆమెకి ఒళ్ళంతా చెమట పట్టింది. గోడకి ఆనుకుని కూర్చుని, పిల్లని ఒళ్ళో పెట్టుకుని, దాని ముక్కు దగ్గర వేలుంచి అలాగే ఉండిపోయింది. ఇంటికి పొమ్మన్నా దోక్‌బే పోలేదు. తలుపు దగ్గర కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక పిల్ల కదిలింది. కళ్ళు తెరవలేదుగాని నోరు తెరిచి అరిచింది. ఆ అరుపుకి దోక్‌బే మొహంలోకి నవ్వొచ్చింది.

"బతికింది వదినా."

మల్సున్‌కి సంతోషం రాలేదు. మూసిన గదిలో, వెచ్చని నేల మీద, ఇది లేచింది. ఎవరికీ పనికిరాని వీధి పిల్లి లేచింది. ఆమెకి కడుపులోంచి కోపం పొంగుకొచ్చింది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. చేతులు మాత్రం పిల్లని ఇంకా దగ్గరికి లాక్కున్నాయి.

"లేచావా" అంది దానితో, ఎప్పుడూ లేనంత మెల్లగా. "నా ఓక్‌హీని నీకన్నా గట్టిగా పిలిచానే. దాన్ని నీకన్నా చాలాసేపు పిలిచాను."