మాల వేసుకున్న మూడో రోజు

"మావారు దుప్పటి మీద లేని రొయ్యలు ఏరుతున్నారండి" అని సత్యవతిగారు అనగానే నా చేతిలోని మందుల కవరు కౌంటర్ మీద పెట్టేశాను.

రెండేళ్ల క్రితం కార్తీకమాసంలో ఒక ఆదివారం ఉదయం అది. పాలకొల్లులో ఒక మందుల షాపులో నేను ఫార్మసిస్టుని. బడి లేదు కాబట్టి నా ఇద్దరు ఆడపిల్లలూ షాపులోనే ఉన్నారు. సత్యవతిగారి భర్త రొయ్యల చెరువులు చేస్తారు. పదిహేనేళ్లుగా రోజూ తాగే మనిషి, అయ్యప్ప మాల వేసుకున్న రోజు నుంచి చుక్క ముట్టలేదు. వీధంతా మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను.

ముందు రోజే ఆవిడ వచ్చి, "చేతులు వణుకుతున్నాయండి, ఒకటే చెమటలు, తిన్నది నిలవట్లేదు" అన్నారు. "చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం కదండీ, నీరసం" అని ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇచ్చి పంపేశాను. పిల్లలు రెండుసార్లు తుమ్మితే థర్మామీటర్ తీసే నేను, తెలిసిన మనిషి తాగుడునీ ఆ వణుకునీ కలిపి చూడలేకపోయాను.

ఈసారి ఆవిడతో బావగారు, అంటే భర్తకి అన్నగారు, కూడా వచ్చారు.

"స్వామికి కంటి మీద కునుకు లేదండి. ఏరేటర్ ఆగిపోయింది, చెరువుకి గాలి అందట్లేదని మంచం మీంచి కేకలు" అన్నారావిడ.

"అయ్యప్ప పూనాడని మా అమ్మ హారతి కూడా ఇచ్చేసిందండి" అన్నారు బావగారు. "ఓ నిద్రబిళ్ల ఇవ్వండి మేడంగారూ. లేదంటే మాల తీయించి ఒక్క పెగ్గు పోస్తాను, అదే సర్దుకుంటుంది."

"మీకు దణ్ణం పెడతాను బావగారూ, ఆ మాట అనకండి!"

"రెండూ వద్దండి" అన్నాను. "దీన్ని విత్‌డ్రాయల్ అంటారు. రోజూ తాగే ఒంటికి తాగుడు ఒక్కసారిగా ఆగితే నరాలు తట్టుకోలేవు. లేనివి కనిపిస్తున్నాయంటే బాగా ముదిరినట్టే. ఫిట్స్ వస్తే ప్రాణానికే ముప్పు. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి."

ఆవిడ కదల్లేదు. "అక్కడ మాల తీసేస్తారేమోనండి. దీక్ష పోతే మళ్లీ తాగుతారు. నాకున్న ఆశ ఇదొక్కటే."

తెలిసిన డాక్టరుగారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"మాల మెడలోనే ఉండనివ్వమ్మా. ముందు మనిషిని తీసుకురండి" అన్నారాయన.

అంబులెన్స్‌కి ఫోన్ చేశాం. ఆసుపత్రిలో స్ట్రెచర్ మీదకి మారుస్తుండగానే ఆయనకి ఫిట్స్ వచ్చాయట. ఇంట్లో వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడం ఇప్పటికీ నావల్ల కాదు. ఆరు రోజులు ఉంచి, మందులతో, విటమిన్ ఇంజెక్షన్లతో నెమ్మదిగా ఒడ్డున పడేశారు. ఇంటికి వచ్చినప్పుడు మెడలో మాల ఉంది.

ఇప్పుడు నీరసమని ఎవరొచ్చినా ముందు అడుగుతాను: "రోజూ తాగేవారా? ఆపి ఎన్ని రోజులైంది?" వణుకు, చెమటలు, వాంతులు ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపుతాను. మాట తేడాగా ఉన్నా, లేనివి కనిపిస్తున్నా, ఫిట్స్ వచ్చినా తిన్నగా ఆసుపత్రికే.

ఆ ఆదివారం మర్నాడు బడికి జడలు వేస్తుంటే మా పెద్దది అడిగింది: "మానేస్తేనే జబ్బు చేసిందిగా అమ్మా, మరి మానడం తప్పా?"

"తప్పు కాదమ్మా. చాలా మంచి పని. కాకపోతే ఆయన ఒక్కరే చేయబోయారు. ఎంత మంచి పనికైనా వణుకు పుడితే దాచుకోకూడదు, వెంటనే ఎవరికైనా చెప్పాలి" అన్నాను. చిన్నదాన్ని కూడా దగ్గరికి పిలిచి, ఇంకోసారి చెప్పాను.