దాపట నడిచిన మామ

మా మామ పోయాడని నేను చెబితే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. "ఇట్లాంటి దాంట్లో కూడా పరాచికాలేనా?" అని అంగడి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమనిషి నా మీదికి చెప్పు ఎత్తాడు. తప్పు ఆయనది కాదు. చింతామణి ఊళ్ళో నా మాట నమ్మి మోసపోని ఇల్లు లేదు. నా కళ్ళు చూశాక ఆయన చెప్పు కింద పడేశాడు. "అయ్యో, నిజమేనా సామీ?" అన్నాడు.

నిజమే. దసరాకు ముందు ఒక మధ్యాహ్నం, ఈ యేటి ప్రయాణానికని గూడుబండికి కొత్త చాపలు కట్టించి, ఇరుసుకు ఆముదం రాసి, చేతులైనా కడుక్కోకుండా ఆ బండి నీడలోనే ఒరిగాడు. మా ఆవిడ అన్నానికి లేపబోతే లేవలేదు. మామ అంటే మా అమ్మకు అన్న, మా ఆవిడకు తండ్రి. నన్ను తిట్టే హక్కు రెండు వైపుల నుంచీ ఉన్న మనిషి. ఆ హక్కును ఏనాడూ వృథా పోనివ్వలేదు.

మా అంగళ్ళ వీధిలో కొన్ని కుటుంబాలవాళ్ళం ప్రతి కార్తీకంలోనూ బండ్లు కట్టుకుని తిరిగి వచ్చేవాళ్ళం. చిక్కబళ్ళాపురం, మండికల్, బాగేపల్లి గుళ్ళు చూసుకుని, చేళూరు మీదుగా ఇల్లు చేరడం. దోవలో తోపుల్లో వంట, బండ్లలో పడక. ముందు బండి ఎప్పుడూ మామదే. బండ్లు ఆగగానే అందరూ నీళ్ళకు పరుగెత్తేవారు. ఆయన మాత్రం చక్రాలు ఊడకుండా ఇరుసుకు కొట్టిన రెండు శీలలూ తడిమి చూసుకున్నాకే చెంబు ముట్టేవాడు. వండుకున్న చోట పొయ్యిరాళ్ళు కదపనిచ్చేవాడు కాదు. మూడు రాళ్ళూ అట్లాగే ఉంచి, వాటి మధ్య గుప్పెడు ఎండుపుల్లలు పెట్టి కదలాలి. "మన ఎనక వచ్చేవాళ్ళు తడిసొస్తారో, సంటిబిడ్డనెత్తుకోనొస్తారో, మనకేం తెలుసు అల్లుడా" అనేవాడు. ఆ పుల్లలు పెట్టే పని మా అత్తది.

అత్త పోయిన ఏడు బండి ఆగిపోయింది. కొట్టంలో దాని గూట్లో కోళ్ళు పొదిగాయి. మామ ఒక ఎద్దును అమ్మేశాడు. రెండోది బూడిదోడు, కాడికి ఎడమ పక్క కట్టే దాపటెద్దు. దాన్ని అమ్మడానికి చేతులు రాక, నూనెగానుగ ఆడించే బంధువుకు ఇచ్చాడు. తర్వాత యుద్ధం వచ్చింది. కిరసనాయిలూ పెట్రోలూ కరువయ్యాయి, బొగ్గుతో నడిచే బస్సు వచ్చింది. వీధివాళ్ళు బస్సెక్కి పొగ మింగి వచ్చేవారు. మామ ఒక్కసారి ఎక్కి, దిగి, "ఇదేం పోవడంరా! ఊర్లు మన మీదికి ఉరికొచ్చి పారిపోతాండాయి" అన్నాడు. మళ్ళీ ఎక్కలేదు.

యుద్ధం ముగిశాక, నిరుడు, ఉన్నట్టుండి "ఈ కార్తీకానికి బండి కడతాండాను" అన్నాడు. ఇంట్లో పిడుగు పడినట్టయింది. అప్పటికే ఆయనకు గుండెనొప్పి వచ్చి తగ్గింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. నడవనే వద్దని ఆస్పత్రి డాక్టరు గట్టిగా చెప్పాడు.

"బండిలో కూచోనేగదా పోయేది. నడిచేది ఎద్దు" అన్నాడు మామ.

మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచింది. "బావా, నాయన్ను నడవనీకుండా ఇంటికి తెచ్చేది నీ పూచీ. ఈ ఒక్క పనిలో తమాషాలు చేసినావంటే నేను నీతో మాట్లాడను" అంది. నేను నవ్వలేదు.

మేము మరిచిపోయింది ఒకటే. గానుగ నుంచి వెనక్కి తెచ్చుకున్న బూడిదోడు అన్నేళ్ళూ కళ్ళకు గంతలతో గానుగ చుట్టూ తిరిగింది, ఎప్పుడూ ఎడమకే. దానికి తిన్నగా నడవడం పోయింది. కుడి పక్క, వలపటకు, కొత్తగా కొన్న కోడె పిల్లకాయలాంటిది, ఎటు లాగితే అటు. వీధిలో ఇంకొందరు కూడా బండ్లు కట్టుకుని మా వెనకే బయలుదేరారు. ఊరు దాటామో లేదో, మా బండి దోవ వదిలి ఎడమ పక్కనున్న రాగి చేలోకి దిగింది.

"దోవ ఈడుండాది గదప్పా!" అని రైతు కేక వేశాడు.

"ఎద్దుకు చెప్పన్నా. దానికి తెలుగు రాదేమో, కన్నడంలో చెప్పి చూడు" అన్నాను. వెనక బండ్లవాళ్ళంతా నవ్వారు. మామ నవ్వలేదు. దిగి, బూడిదోడికి ఎడమ పక్కన నిలబడి, కుడి భుజం దాని డొక్కకు ఆనించాడు. "పద" అన్నాడు. అది తిన్నగా నడిచింది.

నేనూ దిగి, "నేను నడుస్తా, నువ్వు ఎక్కు మామా" అన్నాను. ఆయన పక్కకు తప్పుకోగానే బూడిదోడు నన్ను ఒక్క నెట్టుతో దోవ పక్క గుంతలో కూర్చోబెట్టింది.

"నీ మాట ఊరే నమ్మదు, ఎద్దు నమ్ముతాదా?" అన్నాడు మామ.

మండికల్ తోపు చేరేసరికి ఆయన పెదవులు నల్లబడ్డాయి. మరుసటి పొద్దున ఆయన చెప్పులు తీసి జొన్నచొప్పలో దాచాను. చెప్పులు లేకుంటే బండెక్కుతాడని నా తెలివి. వెతికినట్టే వెతికాడు, నా మొహం ఒకసారి చూశాడు, ఒట్టి కాళ్ళతో నడవడం మొదలుపెట్టాడు. మా ఆవిడ బండిలోంచి, "మనిషిని ఆపలేక చెప్పులాపినావా బావా? భలే మొగోడివి" అంది. నేను చెప్పులు పట్టుకుని ఆయన వెంట పరుగెత్తాను. "ఏసుకో మామా, నీ కాళ్ళు మొక్కుతా!" "దొరికినాయా? నీకు దొరుకుతాయని నాకు తెలుసులే" అన్నాడు.

ఆ తోపులోనే, కదలకముందు, గడ్డిలో మూడు రాళ్ళు కనబడ్డాయి. అత్త పొయ్యిరాళ్ళు. అన్నేళ్ళ వానకు మసి కడిగేసినా, పెట్టిన చోటే ఉన్నాయి. మామ కూర్చుని వాటి మధ్య పెరిగిన గడ్డి పీకి, పుల్లలు పెట్టాడు. అప్పుడు నాకు తెలిసింది ఆయన బండి ఎందుకు కట్టాడో.

బాగేపల్లి దాటాక, చేళూరు దోవలో ఏరు అడ్డం వచ్చింది. పైన ఎక్కడో వాన పడి నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. బండ్లు దాటే చోటు మోకాటి లోతే, కానీ ఎడమ పక్క మడుగు. మామా బూడిదోడూ నడిచేదీ ఆ పక్కే. నేను పగ్గాలు పట్టుకున్నాను, బండిలో మా ఆవిడా పిల్లలూ. ఏటి నడుమ చక్రం ఇసుకలో దిగింది. బూడిదోడు బెదిరి గానుగ తిరుగుడు మొదలుపెట్టింది. బండి మడుగు వైపు తిరుగుతోంది. మామ నడుము దాకా నీళ్ళలో ఉన్నాడు, ఎద్దుకూ మడుగుకూ మధ్య. నేను పగ్గం గుంజాను.

"గుంజొద్దురా! వదులు!" అని అరిచాడు. తర్వాత గొంతు తగ్గించాడు. భుజం డొక్కకు ఆనించి, దాని చెవి దగ్గర, "యాడికి పోతావురా? ఆడ గానుగ లేదు. నేనుండా, ఆనుకో" అన్నాడు. దాని బరువంతా ఆయన మీదికి వచ్చింది. ఆయన కాళ్ళ కింద ఇసుక జారడం నీళ్ళ మీద కనబడింది. నాకు దేవుడి పేరు ఒక్కటీ గుర్తు రాలేదు. మా ఆవిడ వేళ్ళు నా వీపులో దిగాయి.

బూడిదోడు కాలెత్తింది. తిన్నగా వేసింది.

గట్టెక్కగానే మామ పంచె అయినా పిండుకోకుండా వంగి చక్రాల శీలలు తడిమాడు. అప్పుడు కూర్చున్నాడు. ఆయాసం తగ్గేదాకా మా ఆవిడ ఆయన వీపు నిమురుతూనే ఉంది. నేను ఇంకా పగ్గాలు వదలకపోవడం చూసి, "దిగులైతే నడువు అల్లుడా. కూచున్నోనికే దిగులు బరువు" అన్నాడు. పగ్గాలు మా ఆవిడకిచ్చి, అక్కణ్ణుంచి చింతామణి దాకా ఆయన వెనకే నడిచాను. ఆయన్ను ప్రాణాలతో ఇల్లు చేర్చింది నేను కాదు. నన్నే ఆయన చేర్చాడు.

ఈ కార్తీకం వచ్చింది. మామ పోయి ఏడాదైనా తిరగకుండా, ఏటిసూతకంలో తిరగడమేమిటని కొందరన్నారు. "గుళ్ళోకి పోములెండి, బయటే నిలబడతాం. తోపులో రాళ్ళ మధ్య పుల్లలు పెట్టొస్తాం" అంది మా ఆవిడ. ఎద్దు సంగతి, ఏటి సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రాత్రిళ్ళు మాత్రం ఇద్దరికీ నిద్ర లేదు.

నిన్న సాయంత్రం బండి కట్టి వీధి చివరిదాకా తోలి చూశాను. నాలుగు అడుగులు వేసి బూడిదోడు ఎడమకు ఒరిగింది. అక్కడ భుజం లేదు. ఆగిపోయింది. మెడ తిప్పి ఆ ఖాళీ వైపు చూస్తూ నిలబడింది. అదిలించినా కదల్లేదు. అరుగుల మీదివాళ్ళు ఎవరూ నవ్వలేదు.

పగ్గాలు మా ఆవిడ చేతికిచ్చి దిగాను. గుంతలో పడటానికి సిద్ధపడే, దాని డొక్కకు భుజం ఆనించాను. అది వాసన చూసింది. తర్వాత మెల్లగా, కొంచెం కొంచెంగా, తన బరువు నా మీదికి వదలడం మొదలుపెట్టింది.