చీరాల స్టేషన్లో తొలి సర్వీసు

"ఒరేయ్, కూతుర్ని భలే ఛాంపియన్ని చేశావురా!" అని మిత్రులు మెచ్చుకుంటే, ఆ ఘనత నాదే అన్నట్టు దండ వేయించుకున్నాను. అది తప్పు.

మా అమ్మాయికి టేబుల్ టెన్నిస్ మొదట నేర్పింది, కొన్నేళ్ల కిందట చీరాల స్టేషన్లో మాతో పాటు రైలు కోసం ఎదురుచూసిన ఒక పెద్దావిడ. వెయిటింగ్ రూము బల్ల మీద రెండు నీళ్ల సీసాల మధ్య నెట్‌లా తువ్వాలు కట్టి, తన బ్యాట్ పిల్లకిచ్చి, తాను పిల్ల పరీక్ష అట్ట పట్టుకుంది.

"చదువుకునే పిల్లకు ఇవన్నీ ఎందుకండీ?" అన్నాను.

"మీరు కాస్త జరగండి, బంతి తగులుద్ది," అని ఆవిడ పిల్ల వైపు తిరిగింది. "సర్వీసు చేసేటప్పుడు బంతిని గుప్పిట్లో దాయకూడదమ్మా. అరచేయి తెరిచి, ఎదుటివాళ్లకు చూపించి, ఎగరేసి కొట్టాలి."

మొన్న ఒంగోలు ఫైనల్లో ఆఖరి పాయింటుకు మా అమ్మాయి అరచేయి తెరిచింది. బంతిని హాలంతా చూసింది. ఎదుటి అమ్మాయీ చూసింది. అయినా అందుకోలేకపోయింది.