హోటలు పెట్టెలో హంపమ్మ గొంతు

1958లో బళ్లారి బ్రూస్‌పేటలో నాకు గ్రామఫోన్లు రిపేరు చేసే అంగడి ఉండేది. పొద్దుటి పూట పెట్టెలు విప్పేవాణ్ణి. సాయంత్రం ఒక దినపత్రికకు ఊరి వార్తలు రాసి పంపేవాణ్ణి.

అవి కరెంటు లేకుండా కీ తిప్పితే పాడే పెట్టెలు. లోపల మెయిన్ స్ప్రింగ్ అని ఒక ఉక్కు పట్టీ చుట్టుకుని ఉంటుంది. అది విచ్చుకుంటూ పాట ఉన్న ప్లేటును తిప్పుతుంది, కీ అయిపోతే పాట ఈడ్చుకుంటూ ఆగిపోతుంది. దాని తొందరను అదుపులో పెట్టేది గవర్నర్. మూడు చిన్న బరువులు, ఒక ఇత్తడి బిళ్ల, ఆ బిళ్లకు ఆనుకుని ఒక తోలు ముక్క, అంతే దాని సరంజామా. తోలు గట్టిగా ఆనితే ప్లేటు నిదానిస్తుంది, వదులైతే పరుగెత్తుతుంది. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరగాలి. అంతకు మించితే పాట ముందుగా అయిపోవడమే కాదు, గొంతే మారిపోతుంది. మగగొంతు ఆడగొంతవుతుంది, ఆడగొంతు పిల్లగొంతవుతుంది. ఇది తెలియక పాడుచేసుకునే వాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాలేదు. తెలిసి చేసినవాడి గురించే చెబుతున్నాను.

బస్టాండు దగ్గర సూరప్ప కాఫీ హోటలు ఉండేది. ప్లేటు వేస్తే జనం లోపలికి వస్తారు. కానీ పాట అయ్యేదాకా బల్ల వదలరు. ఒకరోజు సూరప్ప నా అంగడికి వచ్చి బేరం పెట్టాడు.

"పాట గబగబా అయిపోయేట్టు చేయప్పా. తాగినోడు లేయాల, నిలబడినోడు కూచోవాల."

"పాట గబగబా అయితే పాడినవాళ్ల గొంతు ఏం కావాలప్పా?"

"పాడినోళ్లు నా హోటలుకు వచ్చి వింటాండారా ఏంది?"

నేను చేయనన్నాను. అతను ఇంకెవరి చేతనో గవర్నర్ తోలు పీకించుకున్నాడు. పెట్టె ఈలలు వేయడం మొదలుపెట్టింది. జనం నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. ఆ ఉపాయం బస్సులెక్కి కురుగోడు, సండూరు హోటళ్లకూ చేరింది.

కొన్నాళ్లకు హంపమ్మ నా అంగడికి వచ్చింది. ఒకప్పుడు నాటకాల్లో రాజు వేషం కట్టిన మనిషి. ఆమె పద్యం ఎత్తుకుంటే చివరి వరుసలో వాళ్లకు కూడా ఎదలో మోగేదని పెద్దవాళ్లు చెప్పేవారు. మద్రాసు వెళ్లి ఒకే ఒక్క ప్లేటుకు పాడింది. తర్వాత నాటకాల కంపెనీ చెదిరిపోయింది. కౌల్‌బజారులో పాతచీరలతో కౌదులు, అంటే బొంతలు, కుడుతూ బతుకుతోంది. ఆ ప్లేటునే తువ్వాలులో చుట్టి తెచ్చింది.

"ఇది ఒకసారి వెయ్యప్పా."

"ప్లేటుకు రిపేరు ఏముంటుందమ్మా?"

"ప్లేటుకు కాదు, నాకే రిపేరు వచ్చిందేమో చూడాల."

కురుగోడు జాతరలో నాటకం ఆడించే కంట్రాక్టరు వీరనగౌడ. రాజు వేషం నీదేనక్కా అని ఆమెకు మాట ఇచ్చాడు. మళ్లీ ముఖానికి రంగు పూసుకుంటానని ఆమె కుట్టుపని కూడా పక్కన పెట్టింది. ఇంతలో గౌడ సూరప్ప హోటల్లో ఉన్న ఇలాంటి ప్లేటే విన్నాడు.

"రాజంటే పులి మాదిరి ఉండాల, నీది దోమ గొంతక్కా అన్యాడు," అంది హంపమ్మ. "పాడి చూపిస్తా వినప్పా అంటే, యంత్రం అబద్ధం చెప్తాదా అన్యాడు. నేనూ పోయి హోటలు బయట నిలబడి విన్యా. విన్నాక నాకే అనుమానం పట్టుకునింది. ఆ పొద్దు నేను అట్లే పాడినానేమో."

నా పెట్టె మీద ప్లేటు పెట్టి ముల్లు దించాను. అడుగు నుంచి లేచిన గొంతు అంగడంతా నిండింది. హంపమ్మ చెయ్యి ఎదకు ఆనించుకుని చివరిదాకా కదల్లేదు. "ఇది నేనే," అంది. మళ్లీ అంది, "నేనే కదప్పా?"

తన గొంతు తనదేనా అని ఒక మనిషి మెకానిక్కును అడగవలసి రావడమా? ఒక తోలు ముక్క కత్తిరించి జేబులో వేసుకున్నాను. ప్లేటు అంగట్లోనే ఉంచి, ఆమెను వెంటబెట్టుకుని హోటలుకు నడిచాను.

గౌడ రోజూ అక్కడే కాఫీ తాగుతాడు. ఆరోజూ ఉన్నాడు. ముల్లు గీరుతున్నట్టుంది, చూడనా అని సూరప్పను అడిగాను. చూడమన్నాడు. తోలు బిగించాను. చుట్లు లెక్కపెట్టడానికి గుర్తుగా ప్లేటు కింద చీటీ ముక్క పెట్టి, గడియారం చూసుకుంటూ చుట్లు సరిచేశాను. కీ నిండా తిప్పి, హోటల్లో ఉన్న హంపమ్మ ప్లేటే వేశాను.

పద్యం మొదలైంది. నాలుగు మాటలు దాటాయో లేదో గోల.

"సూరప్పా, కీ అయిపోయింది చూడు!"

"పెట్టెకు చలిజ్వరమా ఏంది?"

"జల్దీ తిప్పప్పా, పాట సచ్చిపోతాండాది!"

గౌడ కూడా నవ్వాడు. "కీ నిండా ఉండాది! ఇదే అసలు గొంతు!" అని అరిచాను. నా మాట ఎవరికీ పట్టలేదు. సూరప్ప గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చి కీ పట్టుకున్నాడు. నేను అతని చెయ్యి పట్టుకునే లోపలే బలంగా తిప్పాడు. లోపల స్ప్రింగ్ ఢామ్మని తెగింది. పద్యం సగం మాటలో ఆగిపోయింది.

వాకిట్లో నిలబడిన హంపమ్మ ఆ మిగిలిన సగం మాట అందుకుంది. అదే శ్రుతి. యాభై దగ్గర పడిన మనిషి, గడప అవతల నిలబడి, రాగం దించకుండా పద్యం ముగించింది.

గౌడ లేచాడు. "హౌదక్కా, నిజమే. గొంతంటే ఇది."

నాకు ఊపిరి ఆడింది. అతను తల గోక్కున్నాడు.

"కానీ కురుగోడు హోటల్లోనూ నీ ప్లేటు అట్లే తిరుగుతాండాది. జనం చెవిలో ఉండేది ఆ గొంతే. నువ్వు ఇట్లా పాడితే, ఈమె యాడి హంపమ్మ, ఎవరినో తెచ్చి మోసం చేస్తాండారు అని గలాటా చేస్తారు. సన్నంగా పాడతానంటే చెప్పు, చెలికత్తె వేషం ఇస్తా."

"ఈ పెట్టెకే చీర కట్టి నిలబెట్టుకో గౌడా," అంది హంపమ్మ. "నాకంటే బాగా పాడతాది."

అని కొంగు బిగించుకుని వెళ్లిపోయింది.

స్ప్రింగ్ మార్చమని పెట్టె నాకే వచ్చింది. మార్చి, తోలు వదులు చేసి వేగం పెంచే మరను కదలకుండా సీసం పోసి అతికించాను. సూరప్ప ఊగిపోతూ వచ్చాడు. "నా పెట్టెకు బేడీలు వేసేదానికి నువ్వెవరప్పా?" ఇంకోచోటికి తీసుకుపొమ్మన్నాను. తీసుకుపోయాడు. వారం తిరక్కుండా మళ్లీ ఈలలే. జరిగిందంతా పత్రికకు రాసి పంపితే, ఇందులో వార్త ఏముందని తిప్పి పంపారు. ఒక మనిషి బతికుండగానే ఆమె పేరుతో ఇంకో గొంతు ఊళ్లేలుతుంటే అది వార్త కాదట! ఆ కోపం ఇప్పటికీ నాలో చల్లారలేదు.

యంత్రాన్ని సరిచేస్తే నిజం దానంతటదే వినబడుతుందని అంతవరకు నమ్మాను. చెడిపోయింది పెట్టె ఒక్కటే కాదని ఆ హోటల్లో తెలిసింది. ఆ తర్వాత ఎవరి పెట్టె బాగుచేసినా, వాళ్లను కూర్చోబెట్టి ఒక ప్లేటు పూర్తిగా వినిపించనిదే ఇచ్చేవాణ్ణి కాదు. నిదానంగా ఉందన్నవాళ్లకు రెండో వైపు కూడా వేసేవాణ్ణి.

హంపమ్మ ప్లేటు ఇచ్చేద్దామని ఆమె ఇంటికి వెళ్లాను. కౌది కుడుతోంది. తల ఎత్తలేదు.

"నీ అంగట్లోనే ఉండనీ అప్పా. ఆడనైతే నేను నేనుగా ఉంటా."

రోజూ తలుపు తీయగానే మొదట అదే వేసేవాణ్ణి. బస్టాండుకు పోయేవాళ్లెవరో బయట నుంచే కేకేసేవారు, "కీ అయిపోయింది చూడప్పా!"

"కీ నిండా ఉండాది," అనేవాణ్ణి. "లోపలికొచ్చి కూచుని విను."

వచ్చి కూచున్నవాళ్లు తక్కువ.