నాయన ఇచ్చిన సేఫ్టీ ఉద్యోగం

అప్పట్లో మా కొత్తింటికి ఇంకా తలుపులు రాలేదు గాని, హెల్మెట్లు మాత్రం వచ్చేశాయి. ప్రొద్దుటూరులో మేం ఇల్లు కట్టుకుంటున్న రోజులవి. నేను డిగ్రీ చదువుతున్నాను. నాయన కువైట్‌లో పెద్ద భవనాలకు పరంజాలు కట్టే పనిలో ఉండేవాడు. రోజూ మధ్యాహ్నం వీడియో కాల్ చేసేవాడు. గోడ ఎంత లేచిందని అడిగేవాడు కాదు. పైన ఎవరున్నారు, దేని మీద నిలబడ్డారు, కాళ్లకు ఏం తొడుక్కున్నారు అని అడిగేవాడు. ఒకరోజు నెత్తిన పసుపు హెల్మెట్‌తోనే ఫోన్‌లో కనబడి, "పాపా, ఈ పొద్దు నుంచి ఆడ ఇంటి పని కాడ సేఫ్టీ నీదే. ఎవురన్నా పడితే నిన్నే అడుగుతా" అన్నాడు. జీతం లేని ఆ ఉద్యోగానికి నేనెంత పొంగిపోయానో చెబితే మీరు నవ్వుతారు. (మెడలో విజిల్ కూడా వేసుకున్నాను.)

మేస్త్రి మామ మా వీధివాడే, నెమ్మదస్తుడు. నన్ను ఎన్నడూ కాదనలేదు, నా మాట ఎన్నడూ వినలేదు. హెల్మెట్ ఇస్తే, ఎండకు తల ఉడికిపోతుందని చెప్పి అందులో మేకులు పోసుకున్నాడు. చాపాడు వైపు నుంచి వచ్చి గంపలు మోసే అక్కల బాధ ఇంకా న్యాయమైనది: నున్నటి హెల్మెట్ మీద గంప నిలవదు. ఎందుకు నిలవదో చూద్దామని నేనే ఒక ఖాళీ గంప ఎత్తుకుని నడిచాను. అది జారి నా కాలి మీదే పడింది. ఆ ఇంటి పనిలో మొదటి దెబ్బ సేఫ్టీ చూసే పిల్లకే తగిలిందని వాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు.

స్లాబు పోసే రోజు పాస్టరుగారు ప్రార్థనకు వచ్చారు. ప్రార్థనలో మగవాళ్ల తల మీద ఏమీ ఉండకూడదు. నేనేమో హెల్మెట్ లేనిదే ఎవరినీ లోపలికి రానివ్వను. ఆయన కాసేపు నన్ను చూసి, కాసేపు ఆకాశాన్ని చూసి, చివరికి రోడ్డు మీదికి జరిగి అక్కడి నుంచే ప్రార్థన చేశారు. (ఆడవాళ్లు ముసుగేసుకోవాలి గదా, నేను చున్నీ కప్పుకోవడం మరిచిపోయాను. కానీ నా తల ఎలాగూ కప్పే ఉంది.) ఆ సాయంత్రం బంధువులంతా నన్ను తిట్టారు. ఈ పని నాకొద్దని నేను అలిగి పడుకుంటే, అమ్మ వచ్చి పక్కన కూర్చుని నాకెవరూ చెప్పని సంగతి చెప్పింది. నాయనతో ఒకే గదిలో ఉన్న వేంపల్లె స్నేహితుడు అక్కడ పరంజా మీది నుంచి పడి చనిపోయాడట. శవపెట్టెను వెంట తెచ్చి ఇంట్లోవాళ్లకు అప్పగించింది నాయనే. "ఆయప్ప ఇల్లు గూడా అప్పుడు సగమే లేసింది. ఆయమ్మ మొగం చూడల్యాక మీ నాయన తలుపు కాడనే నిలబడుకున్యాడంట" అంది అమ్మ.

మర్నాడు విజిల్ ఇంట్లోనే వదిలి వెళ్లాను.

స్లాబు మీద మెట్ల కోసం వదిలిన ఖాళీ ఒకటుండేది. పై గోడలు కట్టేటప్పుడు దాని చుట్టూ అడ్డంగా కట్టెలు కట్టించేదాన్ని. పనికి అడ్డమని పనివాళ్లు విప్పేసేవాళ్లు. ఈసారి మేస్త్రి మామ అన్నం తినేదాకా ఆగి, ఆయన పక్కన కూర్చుని వేంపల్లె మనిషి సంగతి చెప్పాను. ఆయన చేయి కడుక్కుని వెళ్లి, కట్టెలను ఇనుప తీగతో తానే బిగించాడు. ఆ తర్వాత వాటిని ఎవరూ విప్పలేదు.

కొన్నాళ్లకు నాయన సెలవు మీద వచ్చాడు. బస్సు దిగి నేరుగా ఇంటి పని దగ్గరికే వచ్చాడు. నేను హెల్మెట్ అందిస్తే మారు మాట్లాడకుండా పెట్టుకుని నిచ్చెన ఎక్కాడు. కానీ పైకి వెళ్లాక గోడల్ని తడుముతూ చిన్నపిల్లాడైపోయాడు. ముందు గోడ మొత్తం ఫోటోలో పట్టాలని ఫోన్ ఎత్తి, మెట్ల ఖాళీ వైపు ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాడు. నా చేయి మెడలో లేని విజిల్ కోసం వెళ్లింది. ఆయన వీపు కట్టెకు తగిలింది. తీగ కిర్రుమంది, కట్టె నిలిచింది. నాయన తిరిగి, కింద మొనలు పైకి నిలిచిన ఇనుప చువ్వల వైపు చాలాసేపు చూశాడు.

"ఇది ఎవురు కట్టిన్యారు?" అన్నాడు మెల్లగా.

"పాప కట్టమనింది" అన్నాడు మేస్త్రి మామ.

నాయన అక్కడే కింద కూర్చుండిపోయాడు. కట్టె కింది సందును జానతో కొలిచి, "ఇంకో కట్టె కిందికి ఎయ్యి మేస్త్రీ. చిన్నపిల్లోళ్లు వస్తే సందులోంచి దూరతారు" అన్నాడు. నేను ఇటుకల చాటుకు పోయి ఏడ్చాను. (హెల్మెట్ తీయకుండానే.)

ఇప్పుడు జమ్మలమడుగు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఇదే పని జీతానికి చేస్తున్నాను. నాయన కువైట్ మానేసి మా ఇంట్లోనే ఉంటున్నాడు. వంటింట్లో బల్బు పోతే, నేను డ్యూటీ నుంచి వచ్చి స్టూలు పట్టుకునేదాకా మార్చడు. అమ్మ చీకట్లో వండుతూ మా ఇద్దరినీ కలిపి తిడుతుంది. అప్పటి ఆ పిల్లయితే స్టూలు ఎలా ఎక్కాలో ఆయనకు పాఠం చెప్పేది. నేనిప్పుడు ఏమీ చెప్పను. ఆయన నిదానంగా బల్బు తిప్పుతుంటే, స్టూలును రెండు చేతులా పట్టుకుని, పైకి చూస్తూ నాలో నేనే నవ్వుకుంటాను.