కాలిన కాలికి కారణం

నా చిన్నప్పుడు మా తాతయ్య ఎల్లారెడ్డి పట్నం దగ్గరి అడవిలో అటవీశాఖ వాచర్. ఎండాకాలం మంటలు ఆర్పడమే ఆయన ముఖ్యమైన పని. అందుకు ఇచ్చిన పరికరం ఏమీ లేదు. పచ్చి కొమ్మ విరిచి మంటను కొట్టాలి, అంతే.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో, ఏరడానికి వీలుగా చెట్ల కింద ఎండుటాకులు కాల్చడం మా ఊరి అలవాటు. ఒకసారి పక్కింటి చిన్నమ్మ పెట్టిన నిప్పు గాలికి అడవిలోకి పాకింది. తాతయ్య ఒక్కడే దాన్ని ఆర్పాడు. కుడికాలు మోకాలి దాకా కాలింది. పుండు మానింది కానీ మోకాలు వంగలేదు.

విధుల్లో గాయపడితే ముందే విరమణ, పింఛను ఇస్తారని విని దరఖాస్తు పెట్టాడు. విచారణకు కామారెడ్డి నుంచి ఒక అధికారి మా ఇంటికి వచ్చాడు.

"మంట ఎవరు పెట్టిన్రో చెప్పు. కేసు లేకుంటే మంట లేనట్టే. తెల్వదంటే పువ్వు ఏరేటోళ్ళందరిని ఠాణాకు పిలుస్తం" అన్నాడు.

గోడ దగ్గర నిలబడ్డ చిన్నమ్మ "సారూ, ఆ నిప్పు..." అని నోరు తెరిచింది.

"నువ్వు ఇంట్లకు పో బిడ్డా, పొయ్యి మీద అన్నం మాడుతది" అని తాతయ్య ఆమెను పంపేశాడు. తర్వాత అధికారి వైపు తిరిగి, "అడవిల గాదు సారూ. ఇంట్ల తానానికి కాగిన నీళ్ళు మీద పడ్డయి" అన్నాడు.

అధికారి అలాగే రాసుకుని వెళ్ళిపోయాడు. నానమ్మ తల పట్టుకుంది. "గంత మసిలే నీళ్ళు నేనెప్పుడు పోసిన? పింఛను పాయె, నింద నా మీదికొచ్చె!"

విరమణ వయసు వచ్చేదాకా తాతయ్య ఆ కాలు ఈడ్చుకుంటూనే అడవికి వెళ్ళాడు. చిన్నమ్మ మళ్ళీ ఆకులు కాల్చలేదు. చీపురుతో ఊడ్చి పువ్వు ఏరుకునేది. ఆ మార్పు మంచిదే. కానీ నా కోపం చల్లారలేదు. అబద్ధమాడిన తాతయ్య మీద కొంత, అడగాల్సింది అడగని అధికారి మీద కొంత. అన్నిటికంటే ఎక్కువ ఆ నిబంధన మీద. ఒకరి గాయాన్ని నమ్మాలంటే ఇంకొకరు ఠాణా మెట్లెక్కాలా?

ఇప్పుడు నేను ఒక ఫ్యాక్టరీలో కార్మికుల భద్రత చూస్తాను. ప్రమాదం జరిగితే మొదట వైద్యం, తర్వాత వాళ్ళకు రావలసినవి, ఆపైన కారణం. తప్పెవరిదన్న ప్రశ్న అన్నిటికంటే చివర. అయినా అప్పుడప్పుడు ఎవరో ఒకరు కాలిన చేయి చూపించి, "ఇంట్ల వేడినీళ్ళు పడ్డయి సార్" అంటారు.

నేను పెన్ను పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి, మళ్ళీ అడుగుతాను.